పోలెంటాకు గట్టు వేసిన రోజు

మొన్న శనివారం మిస్సిసాగాలో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్లో ఒక కొత్త జంట నన్ను ఆపింది. ఆ అబ్బాయి చేతిలో మొక్కజొన్న పిండి పొట్లం ఉంది. మెత్తటి పిండి కాదు, రవ్వలా గరుకుగా ఉండే రకం. "అంకుల్, ఇది బొంబాయి రవ్వలాగే ఉంది గానీ ఇంత ఎల్లోగా ఉందేంటి? కలర్ ఏమైనా కలిపారా?" అని అడిగాడు. వెనక్కి తిప్పి లేబుల్ చదివాడు, మళ్ళీ ముందుకు తిప్పి బొమ్మ చూశాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. పక్కనున్న అమ్మాయి ఆ పొట్లాన్ని నమ్మలేదు, నన్నూ నమ్మినట్టు లేదు. నేను చెప్పబోయి ఆగిపోయాను. ఈ పిండితో చేసే పోలెంటా అనే ఇటలీ వంటకం గురించి మనవాళ్ళకు విడమరిచి చెప్పే పని నాకు ఇంతకు ముందు ఒకసారి అప్పజెప్పారు. ఆ రోజు నేను తప్పు చేశాను. చూడకుండా, అడగకుండా, ఒక మనిషి వండి తెచ్చిన తిండి మీద అనుమానం చల్లాను. అదీ ఆవిడ ఎదురుగానే, ఆవిడకు అర్థం కాదులే అన్న ధీమాతో.

అనుమానపడటమే నా ఉద్యోగం అని ముందుగా చెప్పుకోవాలి. మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తయారైన ప్రతి మందునూ ఇది మంచిది కాదేమో అన్న కళ్ళతో చూడటానికే నాకు జీతం ఇచ్చారు. ఆ కళ్ళను సాయంత్రం ఆఫీసులో వదిలి రావడం నాకెప్పుడూ చేతకాలేదు. మా ఇంట్లో మాంసం వండరు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో బిస్కెట్లలో ఏ కొవ్వు ఉందో, పిల్లల మిఠాయిల్లో జిలాటిన్ ఉందో లేదో, చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడారో లేదో దుకాణంలో నిలబడి చదివేవాణ్ణి. వెనక ట్రాలీల వాళ్ళు విసుక్కునేవారు. మా ఆవిడ నన్ను "ఇన్‌స్పెక్టర్ గారూ" అని పిలిచేది. అది వెక్కిరింత అని తెలిసినా నాకు బాగానే ఉండేది. పోనుపోను చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేబుళ్ళు ఫోటో తీసి నాకు పంపడం మొదలుపెట్టారు. "అంకుల్ ఓకే అన్నారు" అంటే ఇంక ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో ఆ రోజు దాకా నాకే తెలియదు.

మా అమ్మాయి పెళ్ళి చేసుకున్నది ఇక్కడే పుట్టి పెరిగిన ఇటలీవాళ్ళ అబ్బాయిని. వాళ్ళమ్మ, అంటే మా వియ్యపురాలు, ఇటలీ నడుమ కొండల్లోని ఒక పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చారు. భర్త పోయి చాలాకాలమైంది. పొట్టి మనిషి, గట్టి చేతులు, గట్టి గొంతు. పెళ్ళి భోజనాల్లో మా పంక్తిలో కూర్చుని, స్పూన్ ఇవ్వబోయిన వాళ్ళను కసిరి, పులిహోర చేత్తోనే తిన్నారు. రసం మోచేతి దాకా కారి పట్టు గౌను పాడైంది. "ఇప్పుడు మీరు నా బల్ల దగ్గరికి రావాలి" అని అప్పుడే అన్నారు. మర్యాదకు అన్న మాట అనుకున్నాను. ఆవిడ మర్యాదకు మాట్లాడే మనిషి కాదని తర్వాత తెలిసింది.

ఆ పెళ్ళికి రాని మనిషి మా మేనత్త. రెజైనాలో చాలాకాలం డాక్టరుగా చేసి రిటైరైంది. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. ఈ దేశంలో మా వైపు పెద్దదిక్కు ఆవిడే. మోకాళ్ళ నొప్పులని పెళ్ళికి రాలేదు. ఆ మోకాళ్ళతోనే అంతకుముందు నెలలో అలాస్కా ఓడ ఎక్కి వచ్చిందని అందరికీ తెలుసు గనక ఎవరూ నొప్పి సంగతి అడగలేదు. మా అమ్మాయికి ఆవిడంటే ప్రాణం. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ రెజైనాలోనే గడిపింది. అందుకే ఆ రాకపోవడం పిల్లకు ముల్లులా ఉండిపోయింది. పైకి అనేది కాదు. పెళ్ళి ఫోటోలు చూపించేటప్పుడు మాత్రం మా వైపు వాళ్ళ బొమ్మ వచ్చేసరికి గబుక్కున తిప్పేసేది.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో, ఇక్కడ సోమవారం ఇచ్చే ఫ్యామిలీ డే సెలవుకి, మేనత్త వస్తానని ఫోన్ చేసింది. వియ్యపురాలు అదే అదను అనుకున్నారు. ఆదివారం మా ఇంట్లోనే, మా వంటింట్లోనే పోలెంటా వండి పెడతానని కబురు చేశారు. అమ్మాయి ముందురోజు నన్ను పక్కకు పిలిచింది. "నాన్నా, అమ్మమ్మ నీ మాటే వింటుంది. ప్లీజ్, నువ్వే ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి. షీ జస్ట్ నీడ్స్ టు ఈట్ విత్ హర్. వన్స్." మేనత్తను మా అమ్మాయి అమ్మమ్మ అనే పిలుస్తుంది. నాకు అత్త గనక తనకు అమ్మమ్మ వరసే. నేను సరేనన్నాను. సరే అంటున్నప్పుడే నా బుర్ర ఇంకోచోట ఉంది. అంతకు ముందు శీతాకాలంలో వియ్యపురాలి ఇంటికి మేము వెళ్ళినప్పుడు గోడకు ఆనించి ఉన్న ఒక పెద్ద చెక్కబల్ల చూశాను. గుండిగ మూతంత కాదు, తలుపంత. ముదురు గోధుమ రంగు. పోలెంటాను పళ్ళేల్లో వడ్డించరట. ఆ బల్లను భోజనాల టేబుల్ మీద వేసి, ముద్దంతా దాని మీదే పోసి పరిచి, నడుమ కూర పెట్టి, చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎవరి అంచు నుంచి వాళ్ళు తింటూ నడుముకు వస్తారట. ఆ నడుమ పెట్టేది మామూలుగా పంది సాసేజ్ అని అల్లుడు చెప్పాడు. "మా అమ్మ చిన్నప్పుడు ఎవరు ముందు సెంటర్‌కి రీచ్ అయితే వాళ్ళకే మీట్" అని నవ్వాడు కూడా. నేను నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే చెక్క కొవ్వును పీల్చుకుంటుంది కదా అనుకున్నాను.

ఆదివారం మంచు పడుతోంది. అల్లుడు కారులోంచి దుప్పటి చుట్టిన బల్లను నిచ్చెనలా భుజాన మోసుకొచ్చాడు. వియ్యపురాలు ఒక రాగి గిన్నె, పొడుగాటి తెడ్డు, తెల్లకాగితం పొట్లం పట్టుకుని బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చారు. ఆ తెల్లకాగితం మాంసం దుకాణంలో చుట్టే కాగితంలా ఉంది. ఆవిడ కోటు తీసే లోపల నేను ఆ పొట్లాన్ని కొద్దిగా నొక్కి చూశాను. మెత్తగా ఉంది. తర్వాత విప్పితే అందులో వాళ్ళ తులసి కొమ్మలు, గుప్పెడు. మేనత్త ఒక ఆకు నలిపి వాసన చూసి, "పరవాలేదు, తులసి జాతే" అని రోగి నాడి సరిగ్గానే ఉందన్నట్టు చెప్పింది. అక్కడైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు.

నీళ్ళు మరిగాక ఆవిడ పిండిని గుప్పిట్లోంచి వానలా జార్చుతూ కలపడం మొదలుపెట్టారు. మా అమ్మాయి పక్కన నిలబడి తెడ్డు అందుకుంది. ఆవిడ పిల్ల మోచేతిని పట్టి తిప్పించారు. గిన్నెలో ముద్ద టపటపా బుడగలు పగిలి చేతుల మీద పడుతుంటే ఇద్దరూ కేకలు పెట్టి నవ్వారు. అమ్మాయి ఆవిణ్ణి "మా" అని పిలిచింది. మా వంటింట్లో వాళ్ళమ్మ దగ్గర నిలబడి పోపు వెయ్యడం నేర్చుకోమంటే ఫోన్లోంచి తల ఎత్తని పిల్ల. నాకు ఎక్కడో చురుక్కుమంది. అలా చురుక్కుమన్నదని అప్పుడు నేను ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను ఆ మధ్యాహ్నం పాటించిన జాగ్రత్తలో సగం అదే.

నా పని నేను మొదలుపెట్టాను. హాల్లో మేనత్త, మా ఆవిడ, కిచెనర్ అనే ఊరి నుంచి వచ్చిన మా తోడల్లుడు కూర్చున్నారు. తోడల్లుడిది కడప వైపు. కంప్యూటర్ ఉద్యోగం, నోరు ఊరుకోదు.

"ఇంతకీ ఏంట్రా అది? ఉప్మానా?" అంది మేనత్త.

"కాదత్తా. మొక్కజొన్న రవ్వ నీళ్ళలో ఉడకబెడతారు."

"పోపు?"

"ఉండదు."

"మరి జావ అను. జావ అయితే జ్వరం వచ్చినవాడికి పెడతారు. ఇంతమందిని పిలిచి జావ పొయ్యడమేంటి?"

"జావ గాదు అత్తమ్మగారూ, ఇది మా సంగటి!" అన్నాడు తోడల్లుడు వంటింట్లోకి తొంగి చూసి వచ్చి. "తెడ్డు గూడా మా అవ్వ తెడ్డే. రంగొకటే తేడా. మేమైతే ముద్ద జేసి గుంట బెట్టి నెయ్యేసుకుంటాం, ఈమె బల్ల మీద పరుస్తాదంట. అంతే."

"నెయ్యి వేస్తుందా?"

"ఆలివ్ ఆయిల్ అత్తా. చీజ్ సంగతి నేను చూశాను, అమ్మాయి సరైనదే కొన్నది. నడుమ వంకాయ కూర పెడతారట, టమాటాతో. మనకోసం."

మేనత్త తల ఊపింది. వంకాయ ఆవిడ బలహీనత. ఆ తర్వాత నేను అసలు సంగతి చెప్పాను, పళ్ళేలు ఉండవని, అందరం ఒకే బల్ల మీద తింటామని. ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఒకే బల్ల మీద? నోట్లో పెట్టుకున్న చెంచా మళ్ళీ అందులోనే ముంచుతారా? ఎంగిలి కాదూ?"

"ఎవరి వైపు వాళ్ళదేనండీ" అంది మా ఆవిడ, తనకే నమ్మకం లేని గొంతుతో.

"వైపు ఏమిటమ్మా, అదేమన్నా గోడ కట్టి ఉంటుందా? అంతా ఒకటే ముద్దాయె."

తోడల్లుడు చిటికె వేశాడు. "గట్టేసుకుందాం అత్తమ్మా! మడికీ మడికీ మధ్య గట్టుండదా? చెంచా కాడతో గీత గీసి, గీత పక్కన రెండు వేళ్ళంత వదిలేస్తాం. నా చేను నాది, మీ చేను మీది. గట్టు ఎవరూ ముట్టగూడదు."

"నీ నోటికి అడ్డూ ఆపూ లేదు కానీ, గట్టు మాట బాగానే ఉంది" అంది మేనత్త. "ఆ గట్టు తెగకుండా చూసే పూచీ నీదే మరి." అని నవ్వింది. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఆ నవ్వు చూసింది. పిల్ల ముఖం అంత తేటగా నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

అంతా కుదిరింది. టేబుల్ చుట్టూ కూర్చున్నాం. వియ్యపురాలు బల్ల మీది దుప్పటి లాగేసి, వెంటనే రాగి గిన్నె ఎత్తి వంచారు. వేడి ముద్ద నిదానంగా, బరువుగా జారి పరుచుకుంది. లేచిన ఆవిరికి నా కళ్ళజోడు తెల్లబడిపోయింది. నాకు కనిపించినదల్లా పసుపుపచ్చ పొగ. ఆవిడ తెడ్డుతో అంచుల దాకా పరిచి, నడుమ వంకాయ కూర పోసి, పైన ఆ తులసి చల్లారు. తోడల్లుడు లేచి చెంచా కాడతో గట్లు గీశాడు. వియ్యపురాలు అదేమిటని అల్లుణ్ణి అడిగి, విని, ఫక్కున నవ్వి, తన వైపు గట్టును తానే సరిచేశారు. మేనత్త ఆవిడకు ఎదురుగా కూర్చుంది. చెంచా తీసుకుంది. ముద్ద అంచు తెంపింది. నోటి దాకా తెచ్చి, అలవాటు కొద్దీ నా వైపు చూసింది.

"ఏరా, నువ్వు అన్నీ చూశావుగా? తినొచ్చునా?"

చూశానత్తా, తిను, అంటే సరిపోయేది. లేదా, ఒక్క నిమిషం ఆగు, అడుగుతాను, అన్నా సరిపోయేది. అడగడానికి అక్కడే ఉన్నారు ఆవిడ, నాకు మూరెడు దూరంలో. కానీ అందరూ నా వైపు చూస్తున్నారు. రేపు ఎవరైనా ఏదైనా అంటే ఇన్‌స్పెక్టర్ గారు ఉండీ ఇలా జరిగిందేమిటన్న మాట నాకు వస్తుంది. వంటింట్లోని ఆ నవ్వులు కూడా ఇంకా చెవిలో ఉన్నాయి. నేను గొంతు తగ్గించి, మొహాన చిరునవ్వు పెట్టుకుని, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు తెలుగులో అన్నాను:

"అత్తా, ఈ బోర్డ్ మీద వీళ్ళు పోర్క్ సాసేజ్ పెట్టుకుని తింటారు. నేను కళ్ళారా చూశాను. వుడ్ కదా, ఆ ఫ్యాట్ అంతా అబ్సార్బ్ చేసుకుంటుంది. ఎంత వాష్ చేసినా పోదు. నువ్వు రిస్క్ తీసుకోకు, పెరుగన్నం తినేసెయ్."

మేనత్త చెంచా దించేసింది. దించి, ముద్దను మళ్ళీ బల్ల అంచునే పెట్టి, మోకాలు సవరించుకుంటున్నట్టు కుర్చీ వెనక్కి జరుపుకుంది. మా ఆవిడ లేచి పెరుగు తెచ్చింది. తోడల్లుడు రెండు చెంచాలు తిని, ఎవరూ తినడం లేదని చూసి, నీళ్ళు తాగాడు. నేను కూడా నా అంచున కొంచెం గోకి ఊరుకున్నాను. వియ్యపురాలు మేనత్త వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. ఏమైందని అడగలేదు. అది నాకు వింతగా తోచాల్సింది. అంత గట్టి గొంతు మనిషి అడగకుండా ఎందుకు ఊరుకున్నారు? ఆవిడ తన వైపు నుంచి తినడం మొదలుపెట్టారు. తొందర లేకుండా, తల వంచుకుని, తన గట్ల మధ్యన తన మడి అంతా తిని, నడుమ వంకాయ దగ్గర ఆగారు. అంత పెద్ద పసుపు చేనులో ఆవిడ తిన్నంత మేర, అమ్మాయీ అల్లుడూ తిన్నంత మేర బోసిగా ఉంది. మిగతాదంతా చల్లారి, బిగుసుకుని, గట్లతో సహా గట్టిపడింది.

ఆవిడ త్వరగానే బయల్దేరారు. మంచు ఎక్కువవుతోందన్నారు. బల్ల తర్వాత తెప్పిస్తానన్నారు. మేనత్త దణ్ణం పెట్టింది, ఆవిడ తల వంచారు. తలుపు మూసుకున్నాక అమ్మాయి మిగిలిన ముద్దను ముక్కలుగా కోసి డబ్బాల్లో సర్దింది. బల్లను సింకు పక్కన నిలబెట్టి కడిగింది. నేను తుడిచే గుడ్డ తీసుకుని వెళ్ళాను.

"నాన్నా, షీ అండర్‌స్టుడ్" అంది.

"తెలుగులోనే చెప్పానమ్మా."

పిల్ల కొళాయి కట్టేసి నా వైపు తిరిగింది. "బోర్డ్. పోర్క్. సాసేజ్. వుడ్. ఫ్యాట్. అబ్సార్బ్. వాష్. రిస్క్. వేర్ వాజ్ ద తెలుగు, నాన్నా?"

 ఎన్నో ఏళ్ళుగా ఇక్కడి వాళ్ళ ఎదుట, లిఫ్టుల్లో, దుకాణాల్లో, మన భాష మనకు తెర అనుకుని మాట్లాడుతున్నాం. ఆ తెరకు ఇన్ని కిటికీలు పెట్టుకున్నామని ఎప్పుడూ చూసుకోలేదు.

"ఇది ఆ పాత బోర్డ్ కాదు" అంది అమ్మాయి. "అది వాళ్ళింటి దగ్గరే ఉంది. మన కోసం వాళ్ళ తమ్ముడి చేత కొత్తది చేయించింది. మీట్ టచ్ అవ్వని బోర్డ్ కావాలని. నేను అడగలేదు నాన్నా. ఆవిడే అనుకుంది." పైకి వెళ్ళిపోయింది. నేను బల్లను తుడిచాను. కళ్ళజోడు మీద ఇప్పుడు ఆవిరి లేదు. పాలమీగడ రంగు చెక్క. ఎక్కడా ఒక మచ్చ లేదు, ఒక గీత లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చెక్క వాసన, వడ్రంగి దుకాణంలోంచి ఇప్పుడే వచ్చినట్టు. రంగు చూసి చెడిన మందును పట్టుకోగలనని పేరు తెచ్చుకున్నవాణ్ణి, నా టేబుల్ మీద ఉన్నది నలుపో తెలుపో చూడలేదు.

మర్నాడు పొద్దున మిగిలిన ముక్కలను దోసెల పెనం మీద నూనె వేసి ఎర్రగా కాల్చాను. అలా కాల్చుకోవచ్చని అల్లుడు చెప్పి ఉన్నాడు. మేనత్త పళ్ళెంలో పెట్టి, పక్కన ఆవకాయ వేసి, తినక ముందే జరిగినదంతా చెప్పాను. చురుక్కుమన్న సంగతి కూడా దాచలేదు. ఆవిడ కాఫీ గ్లాసు ఒక చేత్తో పట్టుకునే ఒక ముక్క కొరికింది.

"పేషెంటును చూడకుండా డయాగ్నసిస్ చెప్పే వాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశానురా. నువ్వూ ఆ బాపతేనని అనుకోలేదు" అంది. తర్వాత ఇంకో ముక్క కొరికి, "అయినా తప్పు నీదొక్కడిదే కాదులే. నేను తినకూడదని ఎదురు చూస్తూనే ఉన్నాను. నువ్వు ఒక కారణం అందించావు" అంది. గ్లాసు కింద పెట్టింది. "ఆ పిల్ల పెళ్ళికి నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పద, ఆవిడ ఇంటికి."

బల్లను మళ్ళీ దుప్పట్లో చుట్టి కారులో పెట్టుకుని 401 హైవే ఎక్కాం. సెలవు రోజు, రోడ్డు ఖాళీ.  వియ్యపురాలు తలుపు తీసి, మా ఇద్దరినీ, నా చంకలోని బల్లనూ చూశారు. మొదట ఆవిడ అన్న మాట ఇది:

"యోగర్ట్ తెచ్చుకున్నావా?"

తెచ్చుకోలేదన్నాను. లోపలికి రమ్మన్నారు. కోటు తియ్యకుండానే, గుమ్మం దగ్గరే నిలబడి, ఆ ముందురోజు నేను అన్నదంతా ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను. ఆవిడకు తెలిసిన మాటలు మాత్రమే కాదు, వాటి మధ్యనున్న తెలుగు మాటలు కూడా. అవి చెప్పడమే కష్టమైంది. వాళ్ళు పంది మాంసం తింటారన్నది నిజమే, చెక్క కొవ్వు పీల్చుకుంటుందన్నదీ నిజమే. నేను కళ్ళారా చూశాను అన్న మాటే అబద్ధం. ముందురోజు ఆ మాటను పూర్తిగా తెలుగులో అన్నాను. నేను చెప్పకపోతే ఆవిడకు ఎప్పటికీ తెలిసేది కాదు. "నేను చూడలేదు. చూశానని చెప్పాను. క్షమించండి" అన్నాను.

ఆవిడ ఊరడించలేదు, పరవాలేదు అనలేదు. వంటింట్లోకి వెళ్ళి రాగి గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, తెడ్డు తెచ్చి నా చేతిలో పెట్టారు. "కలుపు. ఆపకు" అన్నారు. కలిపాను. భుజం లాగింది. బుడగలు పగిలి మణికట్టు మీద చుక్కలు పడ్డాయి. కాస్త ఆగితే వెనకనుంచి తెడ్డు మీద వేలితో తట్టారు. మేనత్త కుర్చీలో కూర్చుని నా వెనక ఆవిడతో నా చేత తిప్పించాల్సిన తీరు గురించి ఏదో ఇంగ్లీషులో చెబుతోంది. ఆవిడ కాదంటున్నారు. ఇద్దరి గొంతులూ లేస్తున్నాయి. ఇద్దరికీ అలవాటైన గొంతులే.

కొత్త బల్ల మీద ముగ్గురమే తిన్నాం. వంకాయ లేదు, ఉల్లిపాయలు వేయించిన టమాటా ఉంది. మేనత్త చెంచా కాడతో తనకూ ఆవిడకూ మధ్య తానే గట్టు గీసింది. ఈసారి వియ్యపురాలు నవ్వలేదు, శ్రద్ధగా చూశారు, తన చెంచాతో దాన్ని అటువైపు నుంచి గట్టిచేశారు. అటూ ఇటూ ఇద్దరూ తింటూ వచ్చారు. రెండు వైపులా బల్ల తెల్లబడింది. నడుమ ఆ గట్టు మాత్రం సన్నగా, ఒంటరిగా మిగిలింది. ఇద్దరూ దాన్ని చూసి చెంచాలు పెట్టేశారు. మేనత్త ముట్టదు, ఆవిడా ముట్టరు. పారేసేటంత మనసు ఇద్దరికీ లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరి ఎంగిలీ తినలేదు, మా ఆవిడదీ, పిల్లదీ కూడా. బల్లను నా వైపు తిప్పుకుని, ఒక కొస నుంచి మొదలుపెట్టి, ఇద్దరి చెంచాలూ తగిలిన ఆ గట్టు మొత్తం నేను తిన్నాను.  తింటున్నంతసేపూ వియ్యపురాలు నన్నే చూస్తూ కూర్చున్నారు, ఇంకా పూర్తిగా నమ్మనట్టే. అయిపోయాక, "ఇప్పుడు బాగుంది" అన్నారు. పోలెంటా గురించో, నా గురించో నేను అడగలేదు.

సూపర్ మార్కెట్లో ఆ అబ్బాయితో ఇదంతా చెప్పలేదు. పొట్లం కొనుక్కుని వచ్చే ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, వండే మా వియ్యపురాలు కూడా అక్కడే ఉంటారు, ఏం వేశారో ఆవిణ్ణే అడగండి అన్నాను. ఇవాళ వాళ్ళ కోసం బల్ల దించి నూనె రాస్తున్నాను. ఆవిడ దాన్ని ఆ రోజే మళ్ళీ మా చేతే మా ఇంటికి పంపేశారు. ఒకప్పటి పాలమీగడ రంగు ఇప్పుడు ఎక్కడా లేదు. టమాటా, ఆవకాయ నూనె, మనవరాలు ఒలకబోసిన చారు, అన్నీ కలిసి తేనె రంగుకు వచ్చింది, ఏ మరక ఏ ఏటిదో చెప్పలేను. చెక్క పీల్చుకుంటుందని ఆ రోజు నేను అన్నది నిజమే. ఏం పీల్చుకుంటుందో చూడటానికే ఇన్నేళ్ళు పట్టింది.